బందరు పేటల పేర్ల వెంట
(తీరం వెంట నడక – 9వ భాగం)

ఆదివారం పొద్దున్నే ఆరింటికి కోనేరు సెంటర్లో కలుద్దామని చెప్పాను. ఆరుంబావుకల్లా పద్నాలుగు మంది చేరారు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు, పెడన నుంచి అద్దకం పని చేసే దంపతులు, సెలవులకు హైదరాబాదు నుంచి అమ్మమ్మ గారింటికి వచ్చిన పిల్లలు, ఒకరిద్దరు బ్యాంకు ఉద్యోగులు. టీ గ్లాసులు చేతికందాయో లేదో, ఒక పెద్దాయన అడిగేశారు.

“ఏవండీ, బందరులో చూడ్డానికి ఏముందండీ? మేం పుట్టి పెరిగిన ఊరేగా.”

ఇప్పటిదాకా నేను నడిపిన ప్రతి నడకలోనూ ఈ ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. గోలకొండలా కొండ మీద కోట లేదు, అమరావతిలా స్తూపం లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట లోకంలోని సగం దేశాల ఓడలు లంగరు వేసిన ఊళ్లో ఇప్పుడు నిలబడి ఉన్న రాళ్లు లెక్కపెడితే వేళ్ల మీదికి వస్తాయి. అందుకే ఆయనకి ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను. “ముందు చూడొద్దండీ, విందాం.”

ఎదురుగా షేర్ ఆటోలు ఆగి ఉన్నాయి. ఒక కుర్రాడు తల బయటికి పెట్టి కేకలేస్తున్నాడు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. ఆ మూడు పేర్లలో మూడు యూరపు దేశాలున్నాయి. పది రూపాయలకి హాలెండు, ఫ్రాన్సు, ఇంగ్లండు తిప్పి తీసుకొచ్చే ఆటో మన బందరులో తప్ప ఎక్కడుంది?

పోయిన భాగంలో మోటుపల్లిలో ఆగాం. గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం దగ్గర. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు పట్టుకోవడం రివాజుగా ఉన్న కాలంలో, సుంకం తప్ప మరేమీ తీసుకోమని పరదేశి వర్తకులకు రాతి మీద మాట ఇచ్చిన శాసనం అది. మోటుపల్లి వెలుగు తగ్గాక, కుతుబ్ షాహీల కాలానికి తూర్పు తీరంలో పెద్ద రేవు మచిలీపట్నం అయింది. ఎంత పెద్దదంటే, దాని అసలు పేరు పక్కకు పోయి ఉత్త ‘బందరు’ మిగిలింది. పారశీకంలో ఆ మాటకు రేవు అనే అర్థం. మనవాళ్లకి రేవు అంటే ఇదొక్కటే రేవు.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి. బందరు తీరం చూస్తే ఓడరేవు ఇక్కడెలా పుట్టిందా అనిపిస్తుంది. బురద, ఉప్పు పర్ర, మడ చెట్లు. సముద్రం ఎంత దూరం వెళ్లినా లోతు పెరగదు. పెద్ద ఓడలు మైళ్ల దూరంలోనే ఆగిపోవాలి. కానీ ఆ లోతు లేకపోవడమే ఈ రేవుకు కలిసొచ్చింది. మద్రాసు దగ్గర కెరటం ఒడ్డున విరిగి పడవను తిరగేసేది. ఇక్కడ అలల ఊపు బురద నేల మీద దూరంలోనే అణిగిపోతుంది. 1652లో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, ఇళ్లన్నీ కర్రతో కట్టిన ఊరని పెదవి విరిచినా, బంగాళాఖాతంలో ఇంతకు మించిన లంగరు చోటు లేదని ఒప్పుకున్నాడు. పెగూ, సయాం, అరకాన్, సుమత్రా, మక్కా, హోర్ముజ్‌లకు ఇక్కడి నుంచి ఓడలు వెళ్తాయని రాసుకున్నాడు. అంతకు ముందు 1618 నుంచి 1622 దాకా ఇక్కడి ఇంగ్లీషు వర్తక స్థానంలో పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ అయితే ఊరికి ప్రాకారం లేదనీ, బావుల్లో నీళ్లు ఉప్పగా ఉంటాయనీ ఫిర్యాదు చేశాడు. నీళ్ల సంగతి చదివి వినిపించగానే మా గుంపులో ఆడవాళ్లంతా ఒక్కసారిగా “ఔనౌను” అన్నారు. నాలుగు వందల ఏళ్ల నాటి కాగితం మీది మాట నిన్నటి బోరు నీళ్ల మాటలా వినిపించింది.

ముందు వలందపాలెం వైపు నడిచాం.

డచ్చివాళ్లు 1605లో ఇక్కడికి వచ్చారు. వాళ్లకు కావలసింది నిజానికి మన ఊరు కాదు, మన ఊరి బట్ట. లవంగాలు, జాజికాయ పండే తూర్పు దీవుల్లో జనం వెండి నాణేలకంటే కోరమాండల్ బట్టకే ఎక్కువ మొగ్గు చూపేవారు. అచ్చు వేసిన ఎర్ర గుడ్డ ఇస్తే సుగంధ ద్రవ్యాలు ఇచ్చేవారు. ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో పాకే చిన్న మొక్క వేరు. పెడన నుంచి వచ్చిన ఆయన ఈ మాట వినగానే, తన వేళ్లు చాపి చూపించాడు. గోళ్ల అంచున మంజిష్ఠ రంగు. “చిరివేరు మేం చూడలేదండీ, మా తాత చెప్పేవాడు. ఇప్పుడు మాకు మంజిష్ఠ, సురుడుచెక్క. కరక్కాయ, పటిక మాత్రం మారలేదు” అన్నాడు. పుస్తకాల్లో డచ్చి వర్తకం మీద ఎన్నో అధ్యాయాలు చదివాను. ఆ గోళ్ల దగ్గర అర్థమైనంత ఎక్కడా అర్థం కాలేదు.

వలందా అంటే ఏమిటి? ఈ ప్రశ్న పిల్లల్ని అడుగుతాను. ఎవరూ చెప్పలేరు. నేనూ చిన్నప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. మా బడిలో యూరపు పటంలో హాలెండు గుర్తించమన్నారు. గుర్తించాను, మార్కులు పడ్డాయి. రోజూ బడికి వచ్చే దారిలో ఉన్న వలందపాలెం ఆ హాలెండేనని ఒక్కరూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు, ఈ నడకలు మొదలుపెట్టడానికి అదే కారణం.

డచ్చివాళ్లకు ముందే బుడతకీచులు ఈ తీరంలో తిరిగారు. రేవుల్లో దేశదేశాల వాళ్లు బేరమాడుకునే భాషగా పోర్చుగీసు చాలాకాలం నడిచింది. పోర్చుగీసులో హాలెండును ఒలాందా అంటారు, మొదటి హ పలకరు. తెలుగు నోటికి మాట మొదట్లో ‘ఒ’ వస్తే ముందు ఒక ‘వ’ వచ్చి చేరుతుంది. ఒకటిని వొకటి అంటాం కదా, అలాగే. ఒలాందా వొలందా అయి, వలందా అయి కూర్చుంది. ఆ దేశస్థుడు వలందావాడు, వాళ్లుండే చోటు వలందపాలెం. బుడతకీచు కూడా అంతే, పోర్చుగీసు అనే మాటే మన నోళ్లలో నలిగి నలిగి అలా తయారైంది. హైదరాబాదు పిల్లల్లో ఒక అమ్మాయి ఒలాందా, వొలందా, వలందా అని మూడుసార్లు పైకి అనుకుని, “అరె, నిజంగా మారిపోతోంది!” అంది.

డచ్చివాళ్ల సమాధుల తోట దగ్గర అరగంట పైగా ఉంటాం. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. వర్తకులు, వాళ్ల భార్యలు, పసిపిల్లలు. పదిహేడో శతాబ్దం నుంచి ఇక్కడి ఉప్పుగాలిలో పడుకుని ఉన్నారు. పలకల మీద వంశ చిహ్నాలు, కింద వరుసలుగా అక్షరాలు. ఆ అక్షరాలు తొలిచినవి కావు, చుట్టూ రాయి తీసేసి పైకి నిలబెట్టినవి. అందుకే ఇన్నేళ్ల వానకీ ఎండకీ పూర్తిగా చెరిగిపోలేదు. కళ్లతో చదవలేకపోయినా వేలితో చదవొచ్చు. ఒక మాస్టారు కళ్లజోడు తీసేసి, చూపుడువేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమారు. అక్షరం ఉబ్బు వేలికి తగిలినప్పుడల్లా పైకి పలికారు. ఒక అంకె దగ్గర ఆగి, ఇది 6, ఇది కూడా 6 అన్నారు. పిల్లలంతా ఆయన చుట్టూ మూగి తామూ వేళ్లు పెట్టారు. నిజానికి రాళ్లను తాకకూడదని చెప్పాల్సింది నేనే. ఆ నిమిషంలో నోరు రాలేదు. తర్వాత చెప్పాను. ఇక ముందు నడకల్లో పల్చటి కాగితం పెట్టి బొగ్గుతో అక్షరాల ముద్ర తీయడం కూడా వద్దనుకుంటున్నాను, ఏటవాలుగా టార్చి వేస్తే నీడల్లో అక్షరాలు లేచి కనిపిస్తాయి. అది చాలు.

ఇంగ్లీషుపాలెం దగ్గర ఎక్కువసేపు ఆగం. చెప్పాల్సింది మాత్రం ఒకటుంది. 1611లో ఆంటొనీ హిప్పన్ కప్తానుగా ‘గ్లోబ్’ అనే ఓడ వచ్చి, ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తక స్థానం పెట్టింది. మద్రాసుకు పునాది పడింది 1639లో. అంటే చెన్నపట్నం కంటే 28 ఏళ్ల ముందే ఇంగ్లీషువాడు బందరు బజార్లో బట్ట బేరమాడాడు. తూర్పు తీరంలో వాళ్ల కథ మొదలైంది ఈ బురదలో. తర్వాత అధికారుల వేధింపులు, డచ్చివాళ్ల పోటీ భరించలేక కొన్నాళ్లు దుగరాజపట్నం వెళ్లి మళ్లీ ఇక్కడికే వచ్చారు. గోలకొండ సుల్తాను దయ ఉంటేనే వాళ్లకు రోజు గడిచేది. ఫర్మానా కోసం ఎదురుచూసిన ఆ వర్తకులే నూరేళ్లు దాటాక ఏం చేశారో తెలియాలంటే పరాసుపేటకు రావాలి.

పరాసులంటే ఫ్రెంచివాళ్లు. పారశీకం నుంచి వచ్చిన ఫరాసీసు అనే మాటను తెలుగువాళ్లు ‘ఫ’ను ‘ప’ చేసి పరాసు అన్నారు. ఫ్రెంచిపేట అనే పేరు కూడా ఊళ్లో ఉంది. ఒకే జాతికి పాత నోటి పేరూ, కొత్త పుస్తకం పేరూ రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. వాళ్లు 1669లో ఇక్కడ అడుగుపెట్టారు. 1750లో నిజాం గద్దె తగాదాల్లో పక్షం వహించినందుకు ప్రతిఫలంగా మచిలీపట్నమే చేజిక్కింది. కోటను కొత్త పద్ధతిలో గట్టిపరిచారు. ఉత్తర సర్కారులన్నీ ఫ్రెంచి సేనాని బుస్సీ చేతి కిందికి వచ్చిన రోజులవి. తెలుగు నేల మీద పరాసుల మాటే చెల్లిన కాలం.

అది తొమ్మిదేళ్లకు మించలేదు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడిపోయిన ఫ్రెంచి సైన్యం వెనక్కి తగ్గుతూ బందరు కోటలో దూరింది. క్లైవు బెంగాలు నుంచి పంపిన కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు బలగాలతో కలిసి 1759 మార్చిలో కోట ముందుకు వచ్చాడు. ఫోర్డు పరిస్థితి ఏమంత బాగా లేదు. జీతాలివ్వడానికి డబ్బు లేదు, సైనికులు తిరగబడేదాకా వచ్చింది. కోట లోపల ఉన్నవాళ్లు బయటివాళ్లకంటే ఎక్కువ. వెనక నుంచి ఫ్రెంచివాళ్ల పక్షాన నిజాం సలాబత్ జంగు పెద్ద సైన్యంతో కదిలి వస్తున్నాడు. మందుగుండు కూడా అడుగంటింది. ఇక ఆగితే తానే చిక్కుకుంటాడు.

ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు ఒక్కసారే అన్నీ పణం పెట్టాడు. కోట చుట్టూ ఉన్న బురదే దానికి అగడ్త. తొడలదాకా దిగబడే ఆ రొంపిలోంచి ఎవరూ రారన్న ధీమా లోపలివాళ్లది. ఆనందరాజు మనుషులు దారి వైపు పెద్ద గోల చేశారు, మరో చిన్న దళం ఇంకో వైపు నుంచి దాడి నటించింది. అసలు దళం చీకట్లో బురద తొక్కుకుంటూ వెళ్లి బురుజెక్కింది. తెల్లవారేసరికి కోటలోని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. దాదాపు 3,000 మంది పట్టుబడ్డారు. పట్టుకున్నవాళ్లకంటే పట్టుబడ్డవాళ్లే ఎక్కువ. కొన్ని రోజులకు ఫ్రెంచి సాయం ఓడల మీద రానే వచ్చింది, కోట మీద ఇంగ్లీషు జెండా చూసి వెళ్లిపోయింది. మే 14న సలాబత్ జంగు బందరు ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. ప్లాసీ గురించి ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. తెలుగువాళ్ల నెత్తిన కంపెనీ పాలన రాయబడింది మాత్రం ఈ బురదలో, ఈ ఒక్క రాత్రిలో. మన పిల్లలకు ముందుగా తెలియాల్సింది ఇది కాదా అని ప్రతిసారీ అనిపిస్తుంది.

పరాసుల కథకు తోక ఒకటి మిగిలింది. ఊరు పోయినా వర్తక స్థానంగా చిన్న స్థలం మీద హక్కు ఫ్రాన్సుకు ఉండిపోయింది. ఆ స్థలాన్ని 1947 అక్టోబరు 6న భారతదేశానికి అప్పగించారు. అంటే ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయాక కూడా ఏడు వారాల పైగా బందరులో కొంత నేల ఫ్రాన్సుదే. ఇది చెప్పగానే మొదట ప్రశ్న వేసిన పెద్దాయన నోరు తెరిచారు. “నేను అప్పటికి పుట్టానండీ! నాకెవరూ చెప్పలేదే!”

సెయింట్ మేరీస్ చర్చి దగ్గర అందరూ అరబెల్లా కథ చెప్పమంటారు. మేజర్ జనరల్ జాన్ పేటర్ ప్రేమించిన అమ్మాయి పెళ్లికి ముందే 1809లో చనిపోతే, ఆమె సమాధి మీద ఈ గుడి కట్టించాడని చెప్పుకుంటారు. అద్దాల పెట్టె వగైరా ఊరి వాళ్లు చేర్చుకున్నవి ఎన్నో ఉన్నాయి. చెప్తాను, కానీ క్లుప్తంగా. ఒక అమ్మాయి చావు గురించి ఇంత వివరం గుర్తు పెట్టుకున్న ఊరు, ముప్పై వేల మంది చావును ఎలా మరిచిపోయిందన్నదే నన్ను తొలిచే ప్రశ్న.

అందుకే ఎండ ముదరక ముందే ఆటోలెక్కి బందరుకోటకు వెళ్తాం. ఊరికి మూడు కిలోమీటర్లు, సముద్రం వైపు. ఒక గంట గోపురం, ఆయుధాగారం, కొన్ని గోడలు. మిగిలినదంతా పొదలు, ఉప్పునేల. ఒకప్పుడు దండు ఉన్న చోటు, బారకాసులు, ఇళ్లు, బజారు ఉన్న చోటు.

1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు సముద్రం లేచి వచ్చింది. మామూలు పోటు కంటే 13 అడుగుల ఎత్తున నీళ్లు కోటను ముంచి, పేటలను ముంచి, మైళ్ల కొద్దీ పల్లెల్లోకి వెళ్లిపోయాయి. ఆ కాలపు ప్రభుత్వ లెక్కల్లో పోయినవాళ్లు దాదాపు 30,000 మంది. ఇది ఎలా జరిగిందో కోట దగ్గర నేల మీద పుల్లతో గీసి చూపిస్తాను. పొద్దున మనం మెచ్చుకున్న ఆ లోతు తక్కువ సముద్రమే ఇందుకు కారణం. లోతైన సముద్రంలో గాలి తోసిన నీరు కిందికి జారుకుని వెనక్కి పోతుంది. ఇక్కడ పోవడానికి కింద చోటు లేదు. తోసిన నీరంతా గోడలా పేరుకుని ఒడ్డు మీదికే రావాలి. ఒడ్డు చూస్తే పళ్లెంలా చదును. ఆపే ఇసుక దిబ్బ లేదు, గట్టు లేదు. అలలను అణిచి ఓడలను కాపాడిన బురదే ఉప్పెనను ఊళ్లోకి నడిపించింది. ఈ రేవుకు ప్రాణం పోసిందీ, ప్రాణం తీసిందీ ఒక్కటే.

ఆ తర్వాత రేవు కోలుకోలేదు. అప్పటికే కృష్ణా ఆనకట్ట పూర్తయి కాలవలు, పొలాలు లోపలి ఊళ్లకు సిరి తెచ్చాయి. మాంచెస్టరు బట్ట వచ్చి మగ్గాన్ని దెబ్బతీసింది. ఓడలు కాకినాడ దారి పట్టాయి. కానీ బందరు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు. వాటి కోసం వేరే ఆదివారం, వేరే నడక ఉంది. ఇప్పుడు కొత్త ఓడరేవు పనులు కూడా జరుగుతున్నాయి. 2023లో తపసిపూడి దగ్గర శంకుస్థాపన చేశారు.

నాకున్న దిగులు ఒక్కటే చెప్తాను. ఉప్పెన కట్టడాలను తీసుకుపోయింది, పేర్లను తీసుకుపోలేకపోయింది. ఆ పని ఇప్పుడు మనమే చేస్తున్నాం. మొన్నొక వీధి మలుపులో కొత్త ఆర్చి లేచింది. రంగు రంగుల అక్షరాల్లో ఏ ఊళ్లోనైనా ఉండే పేరు. వెనక ఉన్న పాత పేట పేరు ఆ ఇళ్ల కరెంటు బిల్లుల మీద మిగిలితే మిగలొచ్చు. ఆ ఆర్చి కింద ఆటో దిగిన కుర్రాణ్ణి “ఇది ఏ పేట బాబూ?” అంటే కొత్త పేరే చెప్పాడు. వాడి తప్పు కాదు. ఒక తరం పలక్కపోతే చాలు, మాట పోతుంది. పలకను పురావస్తు శాఖ కాపాడుతుంది, పలుకును మన నోరే కాపాడాలి. పురపాలక సంఘం వాళ్లు ప్రతి పాత పేట మొదట్లో ఒక చిన్న బోర్డు పెట్టి, ఆ పేరు ఎలా వచ్చిందో రెండు వాక్యాలు రాయిస్తే ఎంత ఖర్చవుతుంది? ఈ మాట అడిగే చోటల్లా అడుగుతున్నాను. అడుగుతూనే ఉంటాను.

కోట నుంచి గిలకలదిండి వైపు వచ్చేసరికి పది దాటింది. చేపల బుట్టలు సర్దుకుంటున్న ఒక ముసలమ్మ మా గుంపును చూసి, ఎక్కణ్ణుంచి వచ్చారయ్యా అని పలకరించింది. హైదరాబాదు పిల్ల ఆవిడ పక్కన కూలబడి, “మామ్మా, నీ వయసెంత?” అని అడిగింది.

“అంకెలు నాకేం తెలుసమ్మా? ఉప్పెన నాటికి మా పెద్దోడు చంకలో ఉన్నాడు.”

ఆవిడ చెప్పింది 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. ఆ పిల్ల వేళ్ల మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది. ఇంతలో మాస్టారు ముందుకు వంగి, “మరి మీ పెద్దోళ్లు ఇంకో ఉప్పెన మాట ఏమన్నా చెప్పేవాళ్లా? అంతకు ముందుది?” అన్నారు.

ముసలమ్మ బుట్ట మీద తడిగోనె కప్పి, కాసేపు నీళ్ల వైపు చూసింది.

“మా నాయనమ్మ వాళ్ల నాయనమ్మ ఒక్కతే మిగిలిందంట బాబూ. చెట్టెక్కి” అంది.

(వచ్చే భాగం: పెడనలో అచ్చులు చెక్కే వీధి)